కర్బన పన్ను, కుటుంబ రిబేటు : కెనడా అనుభవము

2025 ఏప్రిల్ 22 వ తేదీ మొదలుకొని కెనడా దేశములోని లక్షలాది కుటుంబాల బ్యాంకు ఖాతాలలో కొంత సొమ్ము జమ అయినది. మూడు నెలలకొకసారి వచ్చే సొమ్మే అది. కాని ఆ తరువాత మరి రాలేదు; అదే చివరి వాయిదా. అంతకు మూడు వారాల ముందు, అనగా ఏప్రిల్ 1 వ తేదీన, ఆ సొమ్ముకు మూలమైన పన్ను కూడ తొలగిపోయినది. లీటరు పెట్రోలు మీద అప్పటివరకు ఉన్న 17.61 సెంట్ల సుంకము ఆ రోజు సున్న అయినది.

పన్ను తొలగితే ప్రజలు సంతోషించుట సహజము. కాని ఈ పన్ను విషయములో ఒక విశేషమున్నది. వసూలైన సొమ్ములో 90 శాతము తిరిగి కుటుంబాలకే చేరుతూ వచ్చినది. అనేక కుటుంబాలు, ముఖ్యముగా తక్కువ ఆదాయము గలవి, పన్ను రూపములో ఇచ్చినదానికంటె రిబేటు రూపములో పుచ్చుకొన్నదే ఎక్కువ. అయినను పన్ను తొలగిపోవాలని కోరినవారిలో అట్టివారు కూడ చాలామంది ఉన్నారు. లెక్క వారి పక్షమున ఉండగా వారు లెక్కను ఎందుకు నమ్మలేదు? ఈ ప్రశ్నకు సమాధానము కొంత రసాయన శాస్త్రములోను, కొంత అర్థశాస్త్రములోను, మిగిలినది మనుష్య స్వభావములోను వెదకవలసి ఉన్నది.

పన్నుకు ఆధారమైన లెక్క

ఒక లీటరు పెట్రోలు బరువు సుమారు 740 గ్రాములు. అందులో కర్బనము సుమారు 640 గ్రాములు. పెట్రోలు మండినప్పుడు ఈ కర్బనము గాలిలోని ఆమ్లజనితో కలిసి బొగ్గుపులుసు వాయువు అవుతుంది. 12 పాళ్ళ కర్బనము 32 పాళ్ళ ఆమ్లజనిని చేర్చుకొని 44 పాళ్ళ వాయువుగా మారుతుంది. కనుక 640 గ్రాముల కర్బనము నుండి పుట్టే వాయువు సుమారు 2.3 కిలోగ్రాములు. ముప్పాతిక కిలో బరువుగల ద్రవము రెండు కిలోలకు పైగా వాయువును ఎట్లు ఇచ్చినదని విద్యార్థులు ఆశ్చర్యపడుదురు. అదనపు బరువంతా గాలి నుండి వచ్చిన ఆమ్లజనిదే.

ఈ వాయువునకు రంగు లేదు, వాసన లేదు. కాని భూమి నుండి ఆకాశమునకు పోయే వేడిని అది అడ్డుకొంటుంది. 1859 లో జాన్ టిండాల్ అను శాస్త్రజ్ఞుడు ఈ గుణమును ప్రయోగముల ద్వారా చూపెను. 1896 లో స్వీడన్ దేశీయుడైన ఆర్హీనియస్, గాలిలో ఈ వాయువు పెరిగితే భూమి వేడెక్కుతుందని గణించి చెప్పెను. 1958 లో చార్లెస్ డేవిడ్ కీలింగ్ హవాయి దీవిలోని మౌనా లోవా పర్వతము మీద దీనిని క్రమముగా కొలవడము ప్రారంభించినప్పుడు, పది లక్షల పాళ్ళ గాలిలో సుమారు 315 పాళ్ళు ఉండినది. 2024 నాటికి అది 420 పాళ్ళు దాటినది.

ఊరి చెరువులో ఒకడు చెత్త పోసినట్లయితే, వానికి కలిగే సౌకర్యము వాని ఒక్కనిది. నీరు చెడిన కష్టము ఊరందరిది. చెత్త పోయడానికి వెల లేదు కనుక వాడు మానడు. 1920 లో బ్రిటిష్ అర్థశాస్త్రజ్ఞుడు ఆర్థర్ సిసిల్ పిగూ ఇట్టి చిక్కును తన గ్రంథములో వివరించి, ఒక సూచన చేసెను. ఇతరులకు కలిగే నష్టమునకు సరిపడే పన్ను ఆ పని మీద వేస్తే, చేసేవాడు తనంతట తానే ఆలోచించుకొని తగ్గించుకొంటాడని ఆ సూచన సారాంశము. కర్బన పన్నుకు మూలము ఇదే. దీనిని మొట్టమొదట 1990 లో ఫిన్లండ్, 1991 లో స్వీడన్ అమలులో పెట్టినవి.

కాని ఇంధనము మీద పన్ను వేస్తే సామాన్యుని సంగతి ఏమి? శీతాకాలములో ఇల్లు వెచ్చబెట్టుకొనక తప్పని దేశములో ఇది చిన్న ప్రశ్న కాదు. ఆ వచ్చిన సొమ్మును ప్రభుత్వము ఉంచుకొనక ప్రజలకే తిరిగి పంచివేయాలన్న ఆలోచన ఇందుకు సమాధానముగా పుట్టినది.

బ్రిటిష్ కొలంబియాలో తొలి అడుగు

కెనడా పడమటి తీరములోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రము 2008 జూలై 1 న కర్బన పన్ను ప్రవేశపెట్టినది. మొదటి సంవత్సరము టన్ను బొగ్గుపులుసు వాయువుకు 10 డాలర్లు. ఏటేటా 5 డాలర్లు పెంచగా 2012 నాటికి 30 డాలర్లయినది. (ఇచ్చట డాలరు అనగా కెనడా డాలరు.) వచ్చిన ఆదాయమునకు సమానముగా ఇతర పన్నులు తగ్గించవలెనని ఆ రాష్ట్ర ప్రభుత్వము నియమము పెట్టుకొన్నది. పన్ను మొదలయ్యేముందు 2008 జూన్‌లో ఒక్కొక్కరికి 100 డాలర్ల చొప్పున ఒకసారి పంచి పెట్టినది కూడ.

2009 ఎన్నికలలో ఆ రాష్ట్ర ప్రతిపక్షము "పన్నును నరికివేయండి" అను నినాదముతో పోటీచేసి ఓడిపోయినది. పన్ను నిలిచినది. అయితే దేశస్థాయిలో ఫలితము వేరుగా ఉండెను. 2008 అక్టోబరు ఎన్నికలలో లిబరల్ పార్టీ నాయకుడు స్టెఫాన్ డియన్ ఆదాయపు పన్ను తగ్గించి కర్బన పన్ను వేస్తానని ప్రజలకు చెప్పి, ఓటమి పొందెను. ఆ తరువాత పది సంవత్సరముల వరకు దేశమంతటికి వర్తించే పన్ను రాలేదు.

దేశమంతటికి ఒక చట్టము

2015 లో జస్టిన్ ట్రూడో ప్రధాని అయినాడు. 2018 జూన్‌లో కెనడా పార్లమెంటు చేసిన చట్టము ప్రకారము, ప్రతి రాష్ట్రము ఏదో ఒక పద్ధతిలో కర్బనమునకు వెల నిర్ణయించవలెను. నిర్ణయించని రాష్ట్రములో కేంద్రమే పన్ను వేయును. క్విబెక్, బ్రిటిష్ కొలంబియాలకు స్వంత ఏర్పాట్లు ఉండినవి. ఒంటారియో, మానిటోబా, సస్కాచెవాన్, న్యూ బ్రన్స్‌విక్ రాష్ట్రములలో 2019 ఏప్రిల్ 1 నుండి కేంద్ర ఇంధన సుంకము మొదలైనది. 2020 లో అల్బర్టా, 2023 జూలైలో అట్లాంటిక్ తీరపు మిగిలిన రాష్ట్రములు దీని క్రిందికి వచ్చినవి.

మొదటి సంవత్సరము సుంకము టన్నుకు 20 డాలర్లు. కొద్దిపాటి ఎథనాలు కలిసి ఉండుట లెక్కలోనికి తీసుకొని, లీటరు పెట్రోలుకు 2.21 కిలోల చొప్పున గణిస్తే 4.42 సెంట్లు అవుతుంది. బంకులో వసూలైన సుంకము సరిగా అంతే. పైన చెప్పిన రసాయన సూత్రమే ఈ విధముగా ధర పట్టీ మీదికి ఎక్కినది. సుంకము ఏటేటా పెరిగి 2024 ఏప్రిల్ నాటికి టన్నుకు 80 డాలర్లయినది. 2030 నాటికి 170 డాలర్లు చేయవలెనని ప్రభుత్వము 2020 డిసెంబరులో ప్రకటించినది.

కొన్ని రాష్ట్రములు ఈ చట్టము చెల్లదని న్యాయస్థానములకు వెళ్ళినవి. 2021 మార్చి 25 న కెనడా సుప్రీంకోర్టు ఆరుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపుగా తీర్పునిచ్చి, వాతావరణ మార్పు యావద్దేశమునకు సంబంధించిన విషయము కనుక పార్లమెంటునకు ఈ అధికారము కలదని చెప్పినది. చట్టము న్యాయస్థానములో నిలిచినది. ప్రజల మనస్సులో నిలుచునా అన్నదే తేలవలసిన సంగతి.

రిబేటు ఎట్లు పనిచేసినది

రిబేటు లెక్క సులభమైనది. ఒక రాష్ట్రములో కుటుంబాల వద్దకు పోయే వాటాను ఆ రాష్ట్రములోని కుటుంబాలకు, సభ్యుల సంఖ్యను బట్టి పంచెదరు. ఎవరు ఎంత పెట్రోలు కాల్చినారన్నది చూడరు. ఆదాయము కూడ చూడరు. గ్రామీణ ప్రాంతములవారికి వాహనము తప్పనిసరి కనుక మొదట 10 శాతము, 2024 నుండి 20 శాతము అదనముగా ఇచ్చినారు.

భారతదేశములో వంటగ్యాసు రాయితీని బ్యాంకు ఖాతాలో జమచేసే పద్ధతి 2015 జనవరి నుండి దేశమంతటా అమలైనప్పుడు, ఆ రాయితీ సిలిండరు కొన్నవారికే, కొన్నన్నింటికే, ఒక పరిమితి వరకు వచ్చెడిది. కెనడా రిబేటు దీనికి విరుద్ధమైనది. అది ఇంధనము కొన్నా కొనకున్నా ఒకే విధముగా వచ్చును. ఈ భేదము గ్రహించనిదే పద్ధతి ఆంతర్యము బోధపడదు.

ఉదాహరణకు 2024–25 లో ఒంటారియోలో నలుగురు సభ్యులున్న కుటుంబమునకు సంవత్సరానికి వచ్చిన రిబేటు 1,120 డాలర్లు. టన్నుకు 80 డాలర్ల చొప్పున ఇది 14 టన్నుల సుంకమునకు సమానము. నేరుగా గాని, కొన్న సరకుల ధరలో కలిసి గాని, 10 టన్నులకు సుంకము భరించిన కుటుంబము 800 డాలర్లు ఇచ్చి 1,120 పుచ్చుకొన్నట్లు. లాభము 320 డాలర్లు. పెద్ద ఇల్లు, పెద్ద కార్లు ఉన్న కుటుంబము 20 టన్నులకు భరించినదనుకొంటే, 1,600 ఇచ్చి 1,120 పుచ్చుకొన్నట్లు. నష్టము 480 డాలర్లు.

"ఇచ్చినది మళ్ళీ తిరిగి ఇస్తే ఇక పొదుపు ఎవరు చేస్తారు?" అని చాలామంది అడిగినారు. సమాధానము ఈ ఉదాహరణలోనే ఉన్నది. రెండు కుటుంబాలలో ఏది ఒక టన్ను తగ్గించుకొన్నా దానికి 80 డాలర్లు మిగులుతుంది. రిబేటు మాత్రము ఒక్క సెంటు కూడ తగ్గదు. 10 టన్నుల కుటుంబము 9 టన్నులకు దిగితే దాని లాభము 320 నుండి 400 డాలర్లవుతుంది. పొదుపునకు ప్రోత్సాహము వెలలో ఉన్నది. న్యాయము రిబేటులో ఉన్నది. రెండును ఒకదానినొకటి చెరుపుకొనవు.

కనబడిన పన్ను, కనబడని రిబేటు

కాగితము మీద ఇంత చక్కగా ఉన్న ఏర్పాటు వీధిలోనికి వచ్చేసరికి వేరుగా కనబడినది. పన్ను కనబడే చోటు పెట్రోలు బంకు. బంకు ధర పట్టీ రోడ్డున పోయే ప్రతివారి కంట పడుతుంది. వారానికి ఒకసారి పెట్రోలు పోయించుకొనేవాడు సంవత్సరానికి యాభై సార్లు ఆ ధర చెల్లించును. ఇంటికి వచ్చే సహజవాయువు బిల్లులో కూడ కర్బన సుంకము ప్రత్యేకముగా ఒక వరుసలో అచ్చయి వచ్చినది.

రిబేటు సంగతి అట్లు కాదు. మొదటి సంవత్సరములలో దానిని విడిగా పంపలేదు. ఆదాయపు పన్ను రిటర్నులో ఒక వరుసగా చేర్చి, వాపసు వచ్చే మొత్తములో కలిపివేసినారు. 2019 లో ఒంటారియోలోని నలుగురి కుటుంబమునకు 307 డాలర్లు, సస్కాచెవాన్‌లో 609 డాలర్లు ఆ విధముగా చేరినవి. పన్ను వాపసు రావడము ఏటా ఉన్నదే కనుక, అందులో ఈ భాగమేదో, ఎందుకు వచ్చినదో విడదీసి చూచినవారు తక్కువ.

ఒంటారియో రాష్ట్ర ప్రభుత్వము 2019 లో ఒక చట్టము చేసి, ప్రతి బంకు పంపు మీద ఒక చీటీ అంటించవలెనని ఆజ్ఞాపించినది. కేంద్ర పన్ను వలన లీటరుకు ఎన్ని సెంట్లు పెరిగినదో, ముందు ఎంత పెరుగునో ఆ చీటీ చెప్పినది. రిబేటు మాట అందులో లేదు. భావప్రకటన స్వాతంత్ర్యమునకు భంగకరమని 2020 సెప్టెంబరులో ఒక న్యాయస్థానము ఆ చట్టమును కొట్టివేసినది. ఒక లెక్కలో ఖర్చు పద్దును పెద్ద అక్షరములతో వ్రాసి, జమ పద్దును విడిచిపెడితే చూచేవారికి ఏమి తోచునో ఊహించవచ్చును.

2022 జూలై నుండి ప్రభుత్వము రిబేటును విడదీసి, మూడు నెలలకొకసారి నేరుగా ఖాతాలలో వేయసాగినది. ఇది మేలైన మార్పు. కాని భార్యాభర్తలున్న ఇంటిలో, ఎవరి పన్ను రిటర్ను ముందు పరిష్కారమైతే వారి ఖాతాకే కుటుంబ మొత్తము చేరినది. రెండవవారికి అది వచ్చిన సంగతే తెలియకపోవచ్చును. బ్యాంకు పుస్తకములో జమ పక్కన వ్రాసిన పేరు ఒక్కొక్క బ్యాంకులో ఒక్కొక్క విధముగా ఉండి, కొన్నిచోట్ల "కెనడా" అన్న మాట తప్ప మరేమియు లేకుండెను. 2024 ఫిబ్రవరిలో పథకమునకు "కెనడా కార్బన్ రిబేటు" అని స్పష్టమైన పేరు పెట్టినారు. అప్పటికి పన్ను మొదలై అయిదు సంవత్సరములు కావచ్చినది.

2022 లో పరిశోధకులు కొందరు, మాటో మిల్డెన్‌బర్గర్ మొదలైనవారు, కెనడాలోను స్విట్జర్లండ్‌లోను జరిపిన పరిశీలన ఫలితములు ప్రకటించినారు. ప్రజలలో చాలామందికి రిబేటు సంగతి తెలియదనియు, తెలిసినవారు కూడ వచ్చిన మొత్తమును తక్కువగా తలచినారనియు తేలినది. అంతకంటె ఆలోచించదగిన విషయము మరొకటి ఉన్నది. సరియైన మొత్తము చెప్పినప్పుడు కూడ పన్నుకు మద్దతు చెప్పుకోదగినంత పెరగలేదు. ముందుగానే ఏదో ఒక పార్టీ పక్షమున మనస్సు నిశ్చయించుకొన్నవారు, సంఖ్యను ఆ నిశ్చయమునకు అనుగుణముగానే చదువుకొన్నారు.

లెక్కల మీద తగవు

2022 లో కెనడాలో ధరలు విపరీతముగా పెరిగినవి. ఆ సంవత్సరము జూన్‌లో ద్రవ్యోల్బణము 8.1 శాతమునకు చేరినది. ప్రపంచ యుద్ధముల తరువాత ఏర్పడిన చిక్కులవలెనే, మహమ్మారి అనంతర కొరతలు, ఉక్రెయిన్ యుద్ధము ఇందుకు ముఖ్య కారణములు. కర్బన పన్నును ఏటేటా పెంచుట వలన ద్రవ్యోల్బణమునకు తోడయ్యేది సుమారు 0.15 శాతము మాత్రమేనని దేశపు కేంద్ర బ్యాంకు అధిపతి వివరించెను. కాని కిరాయి, కూరగాయలు, రొట్టె అన్నియు ప్రియమైన రోజులలో, ప్రతి ఏప్రిల్ 1 వ తేదీన పేరు చెప్పి మరీ పెరిగే ధర ఇది ఒక్కటే. అందుచేత మిగిలిన ధరల కోపము కూడ దీని మీదనే పడినది.

పార్లమెంటుకు బడ్జెటు లెక్కలు చూచి చెప్పే అధికారి కార్యాలయము రెండు లెక్కలు ప్రకటించినది. ఇచ్చిన సుంకము, వచ్చిన రిబేటు మాత్రమే చూస్తే చాలా కుటుంబాలకు లాభమే. ఉద్యోగములు, వేతనములు, పెట్టుబడుల మీద కలుగగల ప్రభావమును కూడ కలిపితే అనేకులకు నష్టము. ఈ రెండవ లెక్కలో పరిశ్రమల మీది కర్బన వెలను పొరపాటున చేర్చినట్లు ఆ కార్యాలయము 2024 లో ఒప్పుకొని, సవరించిన లెక్కలో నష్టమును తగ్గించి చూపినది. పన్ను వేయకుండా ఊరుకొంటే వాతావరణ మార్పు వలన కలిగే నష్టము ఈ లెక్కలలో లేదు. ఒక పక్షము మొదటి లెక్కను, మరొక పక్షము రెండవ లెక్కను పట్టుకొని వాదించినవి. వినేవారికి మిగిలినది అనుమానము.

ప్రభుత్వము చేసిన ఒక పని ఈ అనుమానమును మరింత పెంచినది. 2023 అక్టోబరు 26 న, ఇళ్ళు వెచ్చబెట్టే నూనె మీద సుంకమును మూడు సంవత్సరములు నిలిపివేస్తున్నట్లు ప్రకటించినారు. ఈ నూనె వాడేవారు అట్లాంటిక్ రాష్ట్రములలో ఎక్కువ. అచ్చట పాలక పక్షమునకు స్థానములు ఎక్కువ. పడమటి మైదాన రాష్ట్రములలో ఇళ్ళను సహజవాయువుతో వెచ్చబెట్టెదరు; వారికి మినహాయింపు లేదు. తమకొక న్యాయము, ఇతరులకొక న్యాయమా అని వారు అడిగినారు. 2024 జనవరి 1 నుండి సస్కాచెవాన్ ఇళ్ళలో వాడే సహజవాయువు మీద సుంకము వసూలు చేయడము మానివేసినది. టన్ను వాయువు ఎక్కడ పుట్టినా ఒకే వెల అన్న సూత్రము, దానిని ప్రతిపాదించినవారి చేతిలోనే వంగిపోయినది. చిన్న వ్యాపారులకు చెందవలసిన వాటా కూడ సంవత్సరముల తరబడి నిలిచిపోయి, 2024 చివరలో గాని చేరలేదు.

ప్రతిపక్ష నాయకుడు పియెర్ పొయిలీవ్ర్ 2009 నాటి పాత నినాదమునే తిరిగి ఎత్తుకొన్నాడు. "పన్నును నరికివేయండి" అన్నది మూడు ముక్కలలో అర్థమవుతుంది. దానికి బదులు చెప్పవలెనంటే టన్నులు, సెంట్లు, సభ్యుల సంఖ్య, గ్రామీణ అదనము అన్నీ వివరించవలెను. 2024 మార్చిలో రెండు వందలకు పైగా ఆర్థిక శాస్త్రజ్ఞులు పన్నును సమర్థిస్తూ బహిరంగ లేఖ వ్రాసినారు. వారి లెక్కలో తప్పు లేదు. కాని ఆ లేఖ చదివినవారికంటె బంకు ధర చదివినవారు ఎక్కువ.

ముగింపు ఎట్లు వచ్చినది

2025 జనవరి 6 న ట్రూడో రాజీనామా ఉద్దేశమును ప్రకటించెను. ఆయన స్థానమునకు పోటీపడినవారిలో మార్క్ కార్నీ కెనడా కేంద్ర బ్యాంకుకు, తరువాత ఇంగ్లండు బ్యాంకుకు అధిపతిగా పనిచేసినవాడు. వాతావరణ విషయములలో ఐక్యరాజ్యసమితి ప్రత్యేక ప్రతినిధిగా ఉండినవాడు. కర్బనము గురించి అంత తెలిసిన వ్యక్తియే ఈ పన్ను ప్రజలను చీల్చినదని చెప్పి, 2025 మార్చి 14 న ప్రధానిగా ప్రమాణము చేసిన రోజుననే, కుటుంబాలు భరించే ఇంధన సుంకమును సున్న చేసే నిర్ణయము మీద సంతకము పెట్టినాడు. ఏప్రిల్ 1 న అది అమలైనది. 17 సంవత్సరములు నిలిచిన బ్రిటిష్ కొలంబియా పన్ను కూడ అదే రోజున ముగిసినది. ఏప్రిల్ 28 ఎన్నికలలో ఆయన పార్టీ గెలిచి ప్రభుత్వము నిలుపుకొన్నది. పన్నును నరకమన్న నాయకుడు తన స్థానమునే పోగొట్టుకొన్నాడు.

ఆ ఏప్రిల్‌లో పెట్రోలు ధర అంతకు ముందు సంవత్సరము కంటె 18 శాతము తక్కువగా ఉండినది. ముడినూనె ధర తగ్గుట, పన్ను తొలగుట రెండును ఇందుకు కారణములు. జూలైలో రావలసిన రిబేటు వాయిదా మాత్రము రాలేదు. కారు లేక బస్సులో పోయే కుటుంబమునకు బంకు ధర తగ్గినందువలన కలిగిన లాభము స్వల్పము; పోయిన రిబేటు పూర్తిది. జూలైలో ఖాతా చూచుకొన్న తరువాతనే ఆ సొమ్ము ఏమిటో కొందరికి తెలిసి ఉండవచ్చును.

అంతయు పోలేదు. పెద్ద పరిశ్రమల మీద కర్బన వెల కొనసాగినది. 2024 నాటి కెనడియన్ క్లైమేట్ ఇన్‌స్టిట్యూట్ అంచనా ప్రకారము కూడ, 2030 నాటికి తగ్గగల వాయువులో పరిశ్రమల మీది వెల వలన తగ్గేదే కుటుంబ సుంకము వలన తగ్గేదానికంటె చాలా ఎక్కువ. కుటుంబ సుంకము వాటా సుమారు పదింట ఒక వంతు. చిన్న వాటా కొరకు పెద్ద తగవు జరిగినదనవచ్చును. కాని పదింట ఒక వంతు కూడ ఇప్పుడు మరొక మార్గమున రావలసినదే.

ఇతర దేశముల అనుభవము

ఇట్టి కథ కెనడాకే పరిమితము కాదు. ఆస్ట్రేలియా 2012 జూలై 1 న టన్నుకు 23 ఆస్ట్రేలియా డాలర్ల వెల పెట్టి, కుటుంబాలకు పరిహారముగా ఆదాయపు పన్ను తగ్గించినది. రెండు సంవత్సరములకే, 2014 జూలైలో, ఆ వెలను రద్దుచేసినది. ఆస్ట్రియా 2022 లో కర్బన పన్నుతో పాటు ప్రతి వ్యక్తికి "వాతావరణ బోనసు" ఇచ్చినది. 2025 లో కొత్త ప్రభుత్వము బోనసును రద్దుచేసి పన్నును ఉంచుకొన్నది. కెనడాలో రెండును కలిసి పోయినవి. ఆస్ట్రియాలో పుచ్చుకొనేది పోయి ఇచ్చేది మిగిలినది. స్విట్జర్లండ్‌లో 2008 నుండి తాపన ఇంధనముల మీద సుంకమున్నది. అందులో సుమారు మూడింట రెండు వంతులు ప్రజలకు, వ్యాపారములకు తిరిగి చేరును. ప్రజల వాటా ఆరోగ్య బీమా చందాలో తగ్గింపుగా వచ్చును. అక్కడ కూడ చాలామందికి ఆ తగ్గింపు ఎందుకు వచ్చినదో తెలియదు. అయినను సుంకము నిలిచియున్నది.

వీటన్నిటిని పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయము స్పష్టమగును. పన్ను, రిబేటు అనునవి రెండు సంఖ్యలు మాత్రమే కావు, రెండు అనుభవములు. ఒకటి రోజూ చేతినుండి పోయేది, మరొకటి ఎప్పుడో ఖాతాలోనికి వచ్చేది. రెండింటి మొత్తము సమానమైనా రెండింటి బరువు సమానము కాదు. రిబేటును మొదటినుండి స్పష్టమైన పేరుతో, ప్రతి పెద్దవాని చేతికి విడిగా, పన్ను కనబడినంత తరచుగా అందించి ఉంటే ఫలితము వేరుగా ఉండెడిదా అన్నది చరిత్ర పరీక్షించి చూడని ప్రశ్న. 2019 లో అట్లు చేయలేదన్నది మాత్రము నిశ్చయము.

ఉపాధ్యాయులు ఈ విషయమును తరగతిలో చెప్పదలచినచో, లీటరు పెట్రోలు నుండి 2.3 కిలోల వాయువు పుట్టే లెక్కతో ప్రారంభించి, 10 టన్నుల కుటుంబము, 20 టన్నుల కుటుంబము లెక్కను విద్యార్థుల చేతనే చేయించవచ్చును. లెక్క చేసిన తరువాత, "ఈ పన్ను ఉండవలెనా?" అని అడిగితే సమాధానములు రెండు విధములుగా రావచ్చును. రిబేటు ఉన్నదన్న సంగతి కనీసము రెండు పక్షములవారికి తెలిసి ఉండును. కెనడాలో అంతపాటి చర్చకు కూడ అవకాశము చాలామందికి దొరకలేదు.

ఏప్రిల్ 1 న ధర పట్టీ మీది అంకె మారినది. లీటరు పెట్రోలు మండితే పుట్టే వాయువు బరువు మారలేదు. దాని వెల ఇంకను ఎవరో ఒకరు, ఎక్కడో ఒకచోట, పేరులేని పద్దుగా చెల్లించుచునే ఉన్నారు.